చెల్లె కండ పట్టిన ఏండ్లు

జూన్ మొదటి వారంలో మా ఇంట్లో కాలు పెట్టడానికి జాగా ఉండేది కాదు. అమ్మ కుట్టు మిషన్ చుట్టూ నీలం గుడ్డలు, తెల్ల గుడ్డలు, కత్తిరించిన ముక్కలు కుప్పలుగా పడి ఉండేవి. కొత్తకోటలో రెండు మూడు బడుల పిల్లల యూనిఫాంలు అమ్మే కుట్టేది. పిల్లలు ఎదుగుతారు కదా అని ప్రతి గౌను అంచుకూ నాలుగు వేళ్ల మడత లోపలికి పెట్టేది. మరుసటి ఏడు ఆ మడత విప్పితే అదే గౌను ఇంకో ఏడాది వచ్చేది.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు, ఒక మధ్యాహ్నం, అమ్మ చెల్లెకు పాత గౌను తొడిగించి మిషన్ ముందు నిలబెట్టింది. మడత విప్పడానికి బ్లేడు చేతిలోకి తీసుకుంది. తీరా చూస్తే గౌను మోకాళ్ల కిందికే ఉంది. భుజాల దగ్గర ఇంకా వదులుగానే ఉంది. అమ్మ బ్లేడు పక్కన పెట్టి టేపు తీసింది. భుజం కొలిచింది, చెయ్యి కొలిచింది, మళ్లీ భుజం కొలిచింది.

"పోయినేడు కొల్తనే ఉన్నది. ఏం మారలే," అంది.

"మంచిదే కదనే, కొత్త గౌను కుట్టే పని తప్పింది," అని నాయిన నవ్వాడు. అమ్మ నవ్వలేదు.

చెల్లె అప్పుడు అయిదో తరగతికి వచ్చింది. చూసేవాళ్లు మాత్రం ఒకటో తరగతి అనుకునేవాళ్లు. గుండ్రటి ముఖం, సన్నటి గొంతు, కొంచెం ముందుకొచ్చిన పొట్ట, దూదిలా మెత్తటి చేతులు. ఎవరింటికి వెళ్లినా ఎత్తుకుని ముద్దు చేసేవాళ్లు. బొమ్మలా ఉందని మేమూ మురిసిపోయాము. పుస్తకాల సంచి మోయలేక గుమ్మం దగ్గరే దించేసినా, బిందె అటుంచి చెంబు కూడా రెండు చేతులతో పట్టుకున్నా, గారాబం అనుకున్నాము. నేను తనకంటే ఎనిమిదేండ్లు పెద్ద. పాలమూరులో డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరాను, జీవశాస్త్రం గ్రూపు. పొద్దున్నే బస్సెక్కి వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరేదాన్ని. కప్ప కండరాలు, బొద్దింక కాళ్లు చదువుతున్న నాకు కూడా ఇంట్లో పిల్ల సంగతి తట్టలేదు. టేపు పట్టే అమ్మకే తట్టింది.

నాయినకు హైవే పక్కన పంచర్ దుకాణం ఉండేది. బెంగుళూరు వైపు పోయే లారీలు, డీసీఎం వ్యాన్లు అక్కడ ఆగేవి. లారీ చక్రం విప్పేటప్పుడు నాయిన ముంజేతుల మీద నరాలు తాళ్లలా తేలేవి. చెల్లె ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని ఊయలలా వేలాడేది. దుకాణంలో సైకిళ్లకు గాలి కొట్టే పంపు ఒకటి ఉండేది. దాని పిడి మీద ఒళ్లంతా వేసి వేలాడినా అది కిందికి దిగేది కాదు. పిడి పైన, చెల్లె దాని మీద. లారీ డ్రైవర్లు చూసి నవ్వేవాళ్లు. తానూ నవ్వేది.

మొదట ఊళ్లోనే డాక్టరుకు చూపించాము. బలానికి టానిక్కు రాశాడు. ఏడాది తాగినా ఫలితం లేదు. ఆ తర్వాత హైదరాబాద్‌లో పెద్ద దవాఖానకు పొమ్మన్నారు. అక్కడ పిల్లల ఎదుగుదల చూసే డాక్టరమ్మ చెల్లె ఎడమ చేతికి ఎక్స్‌రే తీయించింది. వయసు పన్నెండుకు దగ్గరవుతుంటే చేతి ఎముకలు ఏడేండ్ల పిల్లవిలా ఉన్నాయి. మందు ఇచ్చి గంట గంటకూ రక్తం తీసే పరీక్ష చేశారు. తలకు స్కానింగ్ తీశారు. కణితి ఏమీ లేదన్నప్పుడు నాయిన గోడకు ఒరిగి కళ్లు మూసుకున్నాడు.

డాక్టరమ్మ తెల్లకాగితం మీద ఒక తల గీసి, మెదడు అడుగున చుక్క పెట్టింది.

"ఇది శనగగింజంత గ్రంథి. ఎదగమని చెప్పే హార్మోను ఇక్కడి నుంచి రావాలి. మీ పాపకు చాలా తక్కువగా వస్తోంది. అందుకే ఎముక సాగట్లేదు, కండ పట్టట్లేదు, తిన్నది కొవ్వుగా పొట్ట దగ్గర చేరుతోంది. ఆ హార్మోనునే రోజూ సూదితో ఇద్దాం."

"ఎన్ని దినాలియ్యాలె మేడం?" అని నాయిన అడిగాడు.

"దినాలు కాదు, ఏండ్లు. ఎముకల చివర్లు మూసుకునేదాకా."

ఆ ఏండ్ల ఖర్చు నాయిన ఎట్లా నెట్టుకొచ్చాడో ఇక్కడ రాయను. ఆ మాట ఇంట్లో ఎత్తితే ఆయనకు ఇప్పటికీ నచ్చదు.

మందు పెన్నులాంటి ఒక పరికరంలో ఉండేది. రోజూ కొత్త సూది బిగించి తొడకు గుచ్చాలి. దవాఖానలో నర్సమ్మ మాకు బత్తాయి కాయ ఇచ్చి నేర్పించింది. అమ్మ పెన్ను పట్టుకుని కాయ దాకా వచ్చి ఆగిపోయింది.

"పొద్దంత సూది పట్టేదాన్నే. గని బిడ్డ తొడల గుచ్చుమంటె నాతోని కాదు," అని పెన్ను నా చేతిలో పెట్టింది. నేను బత్తాయికి గుచ్చాను. ఒకటికి పదిసార్లు గుచ్చాను. ఇంటికొచ్చేటప్పుడు బస్సులో ఆ కాయను చెల్లె ఒలుచుకుని తింటానంటే నాయిన లాక్కుని కిటికీలోంచి పారేశాడు. జడ్చర్ల దాకా అలిగి కూర్చుంది.

ఇంకో చిక్కు వచ్చింది. మందును చల్లగా ఉంచాలి, గడ్డ కట్టనీయకూడదు. మా ఇంట్లో ఫ్రిజ్ లేదు. నాయిన దుకాణం పక్కనే కూల్‌డ్రింకుల దుకాణం నడిపే ముస్లిం ఆమె ఉండేది. మేము ఖాలా అని పిలిచేవాళ్లం. భర్త పోయాక దుకాణం తానే చూసుకుంటోంది. అమ్మ వెళ్లి సంగతి చెప్పగానే, ఫ్రిజ్ అడుగు అర మొత్తం ఖాళీ చేసి తడిగుడ్డతో తుడిచింది.

"గీ అర ఇంక మీదే బహెన్. ఫికర్ చెయ్యకు. నా సోడాలు బయట బకెట్ల ఉంటయి," అంది.

అప్పటి నుంచి చీకటి పడగానే నేను స్టీలు డబ్బా కోసం ఖాలా దగ్గరికి వెళ్లేదాన్ని. రంజాన్ నెలలో ఆమె దుకాణం తొందరగా కట్టేసేది. అయినా మా కోసం షట్టరు సగం ఎత్తి, నోట్లో ఖర్జూరంతోనే డబ్బా తీసి ఇచ్చేది. చెల్లె కోసం రెండు ఖర్జూరాలు కూడా చేతిలో పెట్టేది.

మొదటి రోజు సూది వేసే ముందు పెన్ను మీది అంకె రెండుసార్లు సరిచూసుకున్నాను. చెల్లె కళ్లు గట్టిగా మూసుకుని అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నాయిన బయటికి వెళ్లి అరుగు మీద నిలబడ్డాడు.

"అయిపాయెనా?" అని బయటి నుంచే అడిగాడు.

"అయిపోయింది నాయినా, రా," అని చెల్లే పిలిచింది. ఏడవలేదు. చీమ కుట్టినట్టే ఉందని చెప్పింది.

తర్వాత అది మా ఇంటి అలవాటైపోయింది. అన్నాలు తిన్నాక అమ్మ మిషన్ మీద గుడ్డ కప్పేది. నాయిన చేతుల నల్ల మరకలు కిరోసిన్‌తో తుడుచుకుని వచ్చి కూర్చునేవాడు. చెల్లె ఈ రోజు కుడి తొడ, రేపు ఎడమ తొడ అని తానే గుర్తు చేసేది. సూది అయ్యాక కూడా ఎవరమూ లేచేవాళ్లం కాదు. మాటల్లో పడేవాళ్లం. అంతకుముందు ఎవరి పళ్లెం వారిది, ఎవరి పని వారిది. సూది పుణ్యమా అని నలుగురం ఒక్కచోట కూర్చోవడం అలవాటైంది.

చెల్లెకు అనుమానాలు చాలా. "అక్కా, సూది తొడకే కదా గుచ్చుతవు. చేతులకెట్ల పోతది?"

"నెత్తుట్ల కలిసి పోతది. మొదలు కార్జం, అదే లివర్ కాడికి పోతది. కార్జం ఇంకొకటి తయారు చేసి ఒళ్లంత పంపుతది. కండలు గూడ వాటికి కావాల్సినంత అవే చేసుకుంటయి."

"కండ ఎట్ల పెరుగుతది? కొత్తది మొలుస్తదా?"

అది అప్పుడే క్లాసులో విన్నాను. ఆమె చెయ్యి నా ఒళ్లో పెట్టుకుని చెప్పాను. కండ నిండా పొడుగాటి పోగులు ఉంటాయి. పుట్టేనాటికే పోగులు దాదాపు అన్నీ వచ్చేస్తాయి. తర్వాత ఆ పోగులే లావవుతాయి, ఎముక సాగేకొద్దీ అవీ సాగుతాయి. ప్రతి పోగునూ అంటుకుని చిన్న చిన్న కణాలు నిద్రపోతూ ఉంటాయి. ఎదగమని కబురు అందితే, కండకు పని తగిలితే అవి లేస్తాయి. లేచి పోగులో కలిసిపోతాయి. అప్పుడు పోగుకు బలం వస్తుంది.

"అయితె నా కండల అవి పండుకున్నయా?"

"పండుకున్నయి. లేపుతున్నం."

నాయిన అంతా విని, మరుసటిసారి దవాఖానకు వెళ్లినప్పుడు డాక్టరమ్మనే అడిగాడు. "మేడం, మందేసి ఊకె కూసుంటె కండ వస్తదా?"

"రాదు. మందు ఎదగమని చెబుతుంది, అంతే. పప్పు, గుడ్డు, పాలు తినాలి, బాగా నిద్ర పోవాలి, బాగా ఆడాలి. కండకు పని చెప్పకపోతే ఎట్లా?"

నాయిన ఆ చివరి మాట పట్టుకున్నాడు. బడి అయిపోయాక చెల్లెను దుకాణానికి తీసుకెళ్లేవాడు. మొదట సైకిల్ టైర్లు దొర్లించమన్నాడు. తర్వాత స్కూటర్ టైర్లు. అమ్మ కోప్పడింది. "ఆడిపిల్లను పంచర్లేయనీకె తోల్కపోతవా?" అంటే, "డాక్టరమ్మనే చెప్పింది," అని తప్పించుకున్నాడు. డాక్టరమ్మ టైర్లు అని చెప్పలేదు.

మేమంతా ఎత్తు పెరుగుతుందని ఎదురుచూస్తున్నాము. అమ్మ ఆదివారం ఆదివారం తలుపుకు ఆనించి నిలబెట్టి కొలిచేది. ముందు కనిపించింది ఎత్తు కాదు. పొట్ట తగ్గింది. బుగ్గలు తగ్గాయి. అమ్మ గాబరాపడి బిడ్డ చిక్కిపోతోందని రోజూ రెండు గుడ్లు పెట్టడం మొదలుపెట్టింది. ఆకలి మాత్రం పెరిగింది, అన్నం రెండోసారి అడిగి పెట్టించుకునేది. ఒక సాయంత్రం నేను బస్సు దిగి దుకాణం ముందుకు వచ్చేసరికి నాయిన, ఖాలా, ఒక లారీ డ్రైవరు నిలబడి చూస్తున్నారు. మధ్యలో చెల్లె పంపు పిడి పట్టుకుని ఉంది. ముఖం ఎర్రబడింది. పిడి కిందికి దిగింది. మళ్లీ పైకి లాగింది. మళ్లీ దించింది. ట్యూబులోకి గాలి పోతున్న చప్పుడు వినిపించింది.

"ఇంక జర! ఇంక జర!" అని ఖాలా చప్పట్లు కొడుతోంది.

టైరు గట్టిపడేదాకా కొట్టింది. నాయిన వంగి టైరును బొటనవేలితో నొక్కి చూశాడు. ఆ సైకిల్ ఎవరిదో వాళ్ల దగ్గర పైసలు తీసుకోలేదు. చెల్లె నా దగ్గరికి పరుగెత్తుకొచ్చి చెయ్యి మడిచి చూపించింది. "పట్టి చూడక్కా, లేసినయి!" అంది. పట్టి చూశాను. చింతగింజంత గట్టిదనం నా వేళ్ల కింద కదిలింది.

రెండో ఎండాకాలం ఒక పెద్ద దెబ్బ తగిలింది. వడగాలులు వీస్తున్న రోజులు. ఒక రాత్రి మా సూది అయ్యాక ఖాలా దగ్గరి చుట్టాల పెండ్లికి జడ్చర్ల వెళ్తూ, ఇంత ఎండకు మందు ఎక్కడ పాడవుతుందోనని డబ్బాను పై అరలో, ఐసు పెట్టే చోట పెట్టి వెళ్లింది. మరుసటి సాయంత్రం ఆమె వచ్చాక డబ్బా తీస్తే మందు గడ్డ కట్టి ఉంది. వచ్చే నెలకు తెచ్చుకున్నది కూడా అందులోనే ఉంది. దవాఖానకు ఫోన్ చేశాను. ఒకసారి గడ్డ కడితే కరిగినా పనికిరాదు, వాడొద్దు అన్నారు.

ఖాలా దుకాణం గడపలోనే కూలబడింది. "నేనే చేసిన బేటీ. ఇంక సల్లగుంటె ఇంక మంచిగుంటదనుకున్న. నా చేతులిరగ," అని కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాయిన టైరు మీద కూర్చున్నాడు. చెల్లె వెళ్లి ఖాలా మెడ చుట్టూ చేతులు వేసింది. "ఊకో ఖాలా, ఒక్క దినం నాకు గూడ సెలవు దొరికె," అంది.

తెల్లారి మొదటి బస్సుకే నాయిన హైదరాబాద్ వెళ్లాడు. ఐసు డబ్బాలో కొత్త మందు పెట్టుకుని పొద్దు గూకేలోపు తిరిగొచ్చాడు. చొక్కా అంతా చెమటకు తడిసింది. ఖాలా అప్పటిదాకా మా వైపు రాలేదు. దుకాణం తెరిచింది కానీ మా వైపు చూడటం లేదు. అమ్మ ఆ డబ్బా తీసుకుని నేరుగా వెళ్లి ఆమె చేతుల్లో పెట్టింది.

"ఇంక నా కాడ పెడ్తవా బహెన్?" అని ఖాలా అడిగింది.

"మరి ఏడ పెట్టాలె? నీ లెక్క ఎవలు చూస్తరు?" అంది అమ్మ.

ఖాలా డబ్బాను కింది అరలో పెట్టి, తలుపు మెల్లగా మూసి, కాసేపు దాని మీద చెయ్యి ఆనించి నిలబడింది.

తర్వాతి ఏండ్లలో చెల్లె ఎత్తు కూడా అందుకుంది. అమ్మకు గుడ్డ చాలక కొత్త గౌన్లు కుట్టాల్సి వచ్చింది. తిడుతూనే కుట్టేది, కానీ మిషన్ ముందు కూనిరాగం తీసేది. రాత్రుళ్లు కాళ్లు గుంజుతున్నాయని చెల్లె మూలిగితే నాయిన పక్కన కూర్చుని పిక్కలు ఒత్తేవాడు. బడిలో ఆటలప్పుడు అందరి చెప్పులకూ కాపలా పెట్టే పిల్లను ఎనిమిదో తరగతిలో తాడు లాగే జట్టులోకి తీసుకున్నారు. మేమంతా చూడటానికి వెళ్లాము. ఖాలా కూడా దుకాణం కట్టేసి వచ్చింది. చెల్లె జట్టు చిత్తుగా ఓడిపోయింది. అవతలి ఊరి పిల్లలు వాళ్లను గీత దాటించి దుమ్ములో దొర్లించారు. తాను లేచి దులుపుకుని మా దగ్గరికి వచ్చి రెండు అరచేతులూ చాపింది. తాడు ఒరుసుకుని పొక్కులు లేచాయి.

"చూసినవా నాయినా! నేను ఇడిసిపెట్టలే!"

నాయిన ఆ చేతులు చూసి ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

ఆ రోజుల్లోనే ఊళ్లో కొత్తగా జిమ్ పెట్టారు. అక్కడికి వెళ్లే ఒక యువకుడు మా మందు సంగతి ఎక్కడో విని వచ్చాడు. "అక్కా, గా సూది వేసుకుంటె కండలు జల్ది వస్తయంట కదా. జర ఇప్పియ్యరాదు?" అన్నాడు. నీ ఒంట్లో తయారయ్యేది నీకు చాలు, పైనుంచి ఎక్కిస్తే చేతులూ కాళ్లూ వాస్తాయి, కీళ్లు నొస్తాయి, షుగర్ రావచ్చు, గుండెకూ మంచిది కాదు అని చెప్పాను. నమ్మలేదు. నాయిన మాత్రం లారీ చక్రం చూపించి, "కండలు కావాల్నా? రా, ఇది పట్టు," అన్నాడు. ఆ యువకుడు నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

చెల్లె పదో తరగతి అయ్యాక దవాఖానలో మళ్లీ ఎక్స్‌రే తీశారు. ఎముకల చివర్లు మూసుకుంటున్నాయి, ఇక మందు ఆపేద్దామని డాక్టరమ్మ చెప్పింది. కొన్నాళ్లు ఆపి మళ్లీ రక్తం పరీక్ష చేస్తే, పెద్దవాళ్లకు కావలసినంత తన గ్రంథే ఇస్తోందని తేలింది. అట్లా కొందరిలో అవుతుందట. నా చెవి దాకా వచ్చింది చెల్లె. అంతకు మించి పెరగలేదు. అది చాలని అందరం సంబరపడ్డాము. ఖాలాకు మిఠాయి ఇచ్చాము.

సూది ఆపిన మొదటి రాత్రి అన్నాలు తిన్నాక మాత్రం ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. అమ్మ మిషన్ మీద గుడ్డ కప్పింది. నాయిన చేతులు తుడుచుకుని వచ్చి ఎప్పటిలాగే కూర్చున్నాడు. చెల్లె ఫోన్ చూసుకుంటూ మంచం ఎక్కింది. కాసేపటికి నాయిన లేచి బయటికి వెళ్లాడు. కావాలని ఎదురుచూసిన రోజే అయినా ఇంట్లో ఏదో వెలితిగా ఉంది. కొన్నాళ్లకు నాకు చౌటుప్పల్‌లో మందుల కంపెనీలో ఉద్యోగం వచ్చి ఇల్లు వదిలాను. ఇప్పుడు ఎన్ని పనులున్నా, రాత్రి ఎనిమిది దాటితే ఆ నలుగురం కూర్చున్న చాప, పైన గిరగిర తిరిగే ఫ్యాను, చెల్లె అడిగే పిచ్చి ప్రశ్నలు గుర్తొస్తాయి. ఒక జబ్బు నాళ్లను ఇంత ఇష్టంగా తలుచుకోవచ్చా అని నాకే వింతగా ఉంటుంది.

పోయిన నెల నేను కిరాయి ఇల్లు మారాను. కొత్తది రెండో అంతస్తు. చెల్లె పాలమూరు నుంచి సాయానికి వచ్చింది. ఇప్పుడు డిగ్రీ చివరి సంవత్సరంలో ఉంది. నేను గిన్నెల సంచులు పట్టుకుని మెట్ల మీద ఆగి ఆగి ఎక్కుతుంటే, తాను బియ్యం బస్తా భుజాన వేసుకుని నా పక్క నుంచి వెళ్లింది. "నువ్ జరుగక్కా, నడుమ అడ్డం రాకు," అంది. మెడ పక్కన, భుజం మీద కండ బిగిసి కనిపించింది. ఇంటామె వరండాలోంచి చూసి, "మీ చెల్లె గట్టిదే," అంది. అవునన్నాను. అంతకంటే ఏం చెప్పను?

సర్దుకోవడం అయ్యేసరికి రెండయింది. పప్పు, కోడిగుడ్ల పులుసు వండాను. చెల్లె గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుని తింది. తర్వాత హైవే దాకా వెళ్లి బస్సెక్కించి వచ్చాను. గదికి తిరిగొచ్చి ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ ఎత్తింది.

"తిన్నదా అది?" అని అడిగింది.

"తిన్నది. రెండోసారి గూడ పెట్టుకున్నది," అన్నాను.